సర్వర్ వెయిట్ మార్చాలి, లాగ్‌లో చూడాలి: హెచ్‌ఏప్రాక్సీ, ఇంజిన్‌ఎక్స్, ఐపీవీఎస్, ఏఎల్‌బీలలో ఏది తీసుకోవాలి?

సంక్రాంతికి ఇంకా వారం ఉంది. రాత్రి పదింటికి బెంగళూరులో ఉన్న తెలుగువాళ్లంతా మడివాళ నుంచి విజయవాడకో, మారతహళ్లి నుంచి హైదరాబాద్‌కో బస్సు సీటు కోసం ఒక్కసారే టికెట్ల సైటు మీద పడతారు. వెనక మూడు యాప్ సర్వర్లు ఉన్నాయి. మూడోది మొరాయిస్తోంది. ఆ క్షణంలో చేతనవ్వాల్సిన పనులు రెండు: దానికి వెళ్లే రిక్వెస్టులు తగ్గించడం (అంటే దాని వెయిట్, వంతుని నిర్ణయించే అంకె, మార్చడం), నిజంగానే తగ్గాయా అని లాగ్‌లో చూసుకోవడం.

హెచ్‌ఏప్రాక్సీ, ఇంజిన్‌ఎక్స్, ఐపీవీఎస్, ఏఎల్‌బీ నాలుగూ లోడ్ బ్యాలెన్సర్లు, అంటే వచ్చే రిక్వెస్టులను వెనక సర్వర్లకి పంచేవి. వాటిలో ఒకటి ఎంచుకునేటప్పుడు చాలామంది అల్గారిథమ్‌ల పట్టిక ముందేసుకుంటారు. రౌండ్ రాబిన్ (వరసగా పంచడం), లీస్ట్ కనెక్షన్ (తక్కువ పని ఉన్నవాడికి పంపడం) లాంటివి ఏదో రూపంలో అందరి దగ్గరా ఉంటాయి కాబట్టి ఆ పట్టికలో అందరూ పాసే. తేడా తేలేది పైన చెప్పిన రెండు పనుల దగ్గర. అందుకే ఈ పోలిక వాటి చుట్టూనే నడుస్తుంది.

తొందరలో ఉన్నవాళ్లకి తీర్పు ముందే: సొంత సర్వర్లో, అద్దె వీఎంలో ఉండి, వెయిట్‌లు తరచూ మార్చాల్సి వస్తే హెచ్‌ఏప్రాక్సీ. ఇంజిన్‌ఎక్స్ ఇప్పటికే నడుస్తూ, వెయిట్ ఆర్నెల్లకోసారి మాత్రమే మారేట్టుంటే దాన్ని కదపకండి. ఐపీవీఎస్ అయితే, ట్రాఫిక్ నిజంగా భారీగా ఉన్నవాళ్లకే. అంతా ఏడబ్ల్యూఎస్‌లో (అమెజాన్ క్లౌడ్‌లో) ఉంటే వాళ్ల సొంత బ్యాలెన్సర్ ఏఎల్‌బీ సరే, కానీ అక్కడ వెయిట్ అన్న మాటకి అర్థం వేరు.

కమాండ్లను పక్కసీటు వాళ్లకి చదివి వినిపించినట్టు రాస్తున్నాం.

ముందు అంకె సంగతి

నాలుగు కోర్ల మెషీన్లు రెండు, ఎనిమిది కోర్లది ఒకటి ఉన్నాయనుకోండి. 1, 1, 2 అని వేసేస్తారు. తప్పేం లేదు. కానీ రేపు ఒక చిన్న మెషీన్‌కి పది శాతం తగ్గించాలంటే 1 కింద సున్నా తప్ప ఏముంది? 40, 40, 80 అని మొదలుపెడితే 40ని 36 చేసుకోవచ్చు. హెచ్‌ఏప్రాక్సీ మాన్యువల్ కూడా 10 నుంచి 100 మధ్య అంకెలతో మొదలుపెట్టమనే అంటుంది.

40, 40, 80 అంటే వంతులు 25, 25, 50 శాతం. సెకనుకి 400 రిక్వెస్టులు వస్తే పెద్దదానికి 200, చిన్నవాటికి చెరి 100. ఇక్కడితో లెక్క ఆపేస్తే దెబ్బతింటారు. చిన్నది ఒకటి పడిపోతే పెద్దదాని మీద 267, మిగిలిన చిన్నదాని మీద 133 పడతాయి. పెద్దదే పడిపోతే చిన్నవి చెరి 200 మోయాలి, అంటే రోజూ మోసేదానికి రెట్టింపు. మోయగలవా? ఆ సమాధానం లేకుండా వెయిట్ ఖాయం చేయకండి.

కోర్లను బట్టి వెయిట్ వేయడం మొదటి అంచనాకి పనికొస్తుంది, అంతే. మూడు యాప్ సర్వర్లూ ఒకే డేటాబేస్ ముందు నిలబడి ఉంటే వెయిట్ మార్చడమంటే మెజెస్టిక్ బస్టాండ్‌లో కౌంటర్ ముందు లైన్లను అటూ ఇటూ సర్దడమే. లోపల టికెట్ కొట్టేవాడు ఒక్కడే కదా.

హెచ్‌ఏప్రాక్సీ

వెయిట్ 0 నుంచి 256 దాకా ఉంటుంది. ఏమీ రాయకపోతే 1. అసలు సుఖం ఏమిటంటే నడుస్తుండగానే, రీలోడ్ (కాన్ఫిగ్ ఫైల్ మళ్లీ చదివించడం) లేకుండా మార్చొచ్చు. ఆ ఫైల్‌లోని గ్లోబల్ సెక్షన్‌లో స్టాట్స్ సాకెట్ (కమాండ్లు అందుకునే ద్వారం) లైను ఉండాలి: దారి స్లాష్ రన్ స్లాష్ హెచ్‌ఏప్రాక్సీ స్లాష్ అడ్మిన్ డాట్ సాక్, మోడ్ 660, లెవెల్ అడ్మిన్. డెబియన్, ఉబుంటు ప్యాకేజీలలో ఇది ముందే రాసి ఉంటుంది. ఆ సాకెట్‌కి మాట చేరవేయడానికి సోక్యాట్ అనే టూల్ వేసుకోవాలి.

బ్యాకెండ్ (సర్వర్ల గుంపు) పేరు టికెట్స్, మొరాయిస్తున్న సర్వర్ పేరు యాప్3, అది వెయిట్ 40 ఉన్న చిన్న మెషీన్ అయితే, ఎకోతో "సెట్ వెయిట్ టికెట్స్/యాప్3 50%" అని రాసి, పైప్ పెట్టి, సోక్యాట్ స్టడ్‌ఐఓ అని సాకెట్ దారి ఇవ్వండి. పని జరిగితే ఖాళీ లైను వస్తుంది. ఆ మౌనం చూసి కంగారుపడి మళ్లీ కొట్టక్కర్లేదు. "గెట్ వెయిట్ టికెట్స్/యాప్3" అని అడిగితే 20, పక్కన బ్రాకెట్లో ఇనీషియల్ 40 అని చూపిస్తుంది. శాతం ఎప్పుడూ ఫైల్‌లోని మొదటి వెయిట్ మీదే లెక్క, ఇప్పుడున్నదాని మీద కాదు. కాబట్టి 50% రెండుసార్లు కొట్టినా పావుకి దిగదు, సగం దగ్గరే ఉంటుంది. 100% కొడితే మళ్లీ 40.

ఎక్కువమంది ఇరుక్కునే చోట్లు ఇవి. సుడోని ఎకో ముందు పెడతారు. అది ఎకోకి మాత్రమే పనిచేస్తుంది, సోక్యాట్‌కి పర్మిషన్ రాదు. సుడో ఉండాల్సింది పైప్ తర్వాత, సోక్యాట్ ముందు. సాకెట్ తెరుచుకుని కూడా పర్మిషన్ డినైడ్ అంటే లెవెల్ అడ్మిన్ అన్న మాట ఆ లైనులో లేదన్నమాట. ఇక బ్యాలెన్స్ లైనులో (పంచే పద్ధతి రాసే చోట) స్టాటిక్-ఆర్ఆర్ ఉన్నా, హాష్-టైప్ కన్సిస్టెంట్ లేని సోర్స్ ఉన్నా, నడుస్తుండగా 0%, 100% తప్ప వేరే వెయిట్ ఒప్పుకోదు. రౌండ్‌రాబిన్, లీస్ట్‌కాన్‌లకి ఆ గొడవ లేదు. రౌండ్‌రాబిన్‌లో ఒక బ్యాకెండ్‌కి 4095 సర్వర్ల పరిమితి ఉందిగానీ, దాని గురించి దిగులుపడే వాళ్లు ఈ వ్యాసం చదవరు.

వెయిట్ సున్నా చేస్తే సర్వర్ మూసుకుపోయినట్టు కాదు. కొత్తవాళ్లు రారు, కానీ కుకీతో ఆ సర్వర్‌కి ముడిపడ్డ పాత యూజర్లు వస్తూనే ఉంటారు. సీటు ఎంచుకుని పేమెంట్ దగ్గర ఉన్నవాళ్లని మధ్యలో దించకుండా ఉండాలంటే ఇదే కావాలి. "సెట్ సర్వర్ టికెట్స్/యాప్3 స్టేట్ డ్రెయిన్" కూడా ఇదే పని చేస్తుంది, పైగా స్టాట్స్ పేజీలో డ్రెయిన్ అని కనిపిస్తుంది కాబట్టి తర్వాత షిఫ్టులో వచ్చినవాళ్లకి అర్థమవుతుంది. స్టేట్ మెయింట్ అంటే హెల్త్ చెక్‌లు (సర్వర్ బతికుందా అని అడిగే పరీక్షలు) కూడా ఆగిపోతాయి. మెషీన్ ఆపేసేముందు అది.

ఇలా మార్చిన వెయిట్ రీలోడ్ అవగానే పోతుంది. రాత్రి పదింటికి 50% చేస్తారు, పదకొండుకి ఇంకెవరో సర్టిఫికెట్ మార్చి రీలోడ్ కొడతారు, మూడో సర్వర్ మళ్లీ పూర్తి వంతు మోస్తూ కూలబడుతుంది. "షో సర్వర్స్ స్టేట్" ఔట్‌పుట్‌ని ఫైల్‌లో దాచి, లోడ్-సర్వర్-స్టేట్-ఫ్రమ్-ఫైల్ పెట్టి గట్టెక్కవచ్చు. అంతకంటే సులువు: సాకెట్‌లో మార్చిన వెంటనే ఫైల్‌లోనూ అదే అంకె రాసి, హెచ్‌ఏప్రాక్సీ మైనస్ సీ మైనస్ ఎఫ్‌తో సరిచూసి వదిలేయడం. రీలోడ్ ఎవరు కొట్టినా నష్టం లేదు.

జావా యాప్ అయితే సర్వర్ లైనులో స్లోస్టార్ట్ 60ఎస్ కూడా చేర్చండి. పడి లేచిన సర్వర్‌కి అరవై సెకన్లలో మెల్లగా పూర్తి వంతు ఇస్తుంది. హెచ్‌ఏప్రాక్సీనే కొత్తగా మొదలైనప్పుడు మాత్రం ఇది పనిచేయదు.

లాగ్ దగ్గర కొత్తవాళ్లకి వచ్చే మొదటి అనుమానం: ఫైల్ ఎక్కడ? హెచ్‌ఏప్రాక్సీ ఫైల్‌లోకి తనంతట తాను రాయదు, సిస్‌లాగ్‌కి (మెషీన్‌లో లాగ్‌లు సేకరించే సర్వీస్‌కి) పంపుతుంది. గ్లోబల్‌లో లాగ్ స్లాష్ డెవ్ స్లాష్ లాగ్ లోకల్0 అని, డిఫాల్ట్స్‌లో లాగ్ గ్లోబల్, ఆప్షన్ హెచ్‌టీటీపీలాగ్ అని, మూడూ ఉండాలి. లాగ్ గ్లోబల్ మరిచిపోతే ఎర్రర్ రాదు, లాగ్ కూడా రాదు. ఇంకో మూల: క్రూట్. ప్రాసెస్ తనని తాను వేరే డైరెక్టరీలో బంధించుకుంటుంది కాబట్టి అసలు డెవ్ లాగ్ దానికి కనిపించదు. డెబియన్ ప్యాకేజీ, సిస్‌లాగ్ పని చేసే ఆర్‌సిస్‌లాగ్ ప్రోగ్రామ్‌కి 49తో మొదలయ్యే ఒక చిన్న ఫైల్ ఇచ్చి, క్రూట్ లోపల కూడా సాకెట్ తెరిపిస్తుంది. ప్యాకేజీ వేశాక ఆర్‌సిస్‌లాగ్‌ని రీస్టార్ట్ చేయకపోతే ఆ సాకెట్ ఉండదు. 127.0.0.1కి యూడీపీలో పంపేవాళ్లు ఆర్‌సిస్‌లాగ్‌లో ఐఎమ్‌యూడీపీ (యూడీపీలో వచ్చేవి అందుకునే మాడ్యూల్) తెరిచారో లేదో చూసుకోవాలి. కంటైనర్‌లో అయితే లాగ్ స్టడ్‌అవుట్ ఫార్మాట్ రా లోకల్0 చాలు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఆ లాగ్ లైనులో స్లాష్‌లతో విడగొట్టిన ఐదు అంకెల కోసం. 0/0/1/2840/2841 అని ఉందనుకోండి. అన్నీ మిల్లీసెకన్లు. మొదటిది క్లయింట్ నుంచి రిక్వెస్ట్ పూర్తిగా రావడానికి, రెండోది క్యూలో, మూడోది సర్వర్‌తో కనెక్షన్‌కి, నాలుగోది సర్వర్ జవాబు మొదలుపెట్టడానికి పట్టిన సమయం. ఐదోది మొత్తం. ఇక్కడ యాప్ దగ్గరే 2.8 సెకన్లు పోయాయి, వెయిట్ తగ్గించి చూడొచ్చు. అదే 0/2600/1/180/2781 అని ఉంటే సర్వర్ చురుగ్గానే ఉంది, 180లోనే జవాబిచ్చింది. రిక్వెస్ట్ కాలం గడిపింది క్యూలో. మీరు పెట్టిన మాక్స్‌కాన్ (సర్వర్‌కి ఒకేసారి పంపే కనెక్షన్ల పరిమితి) మరీ చిన్నది. రెండు లైన్లలోనూ యూజర్ చూసింది దాదాపు మూడు సెకన్ల చక్రమే. మందు మాత్రం వేరు.

చివర్లో నాలుగక్షరాల గుర్తు ఉంటుంది. 503 పక్కన పెద్ద ఎస్, పెద్ద సీ, రెండు గీతలు ఉంటే సర్వర్ కనెక్షనే ఇవ్వలేదు, యాప్ ప్రాసెస్ బతికుందో చూడండి. 504 పక్కన చిన్న ఎస్, పెద్ద హెచ్ ఉంటే కనెక్షన్ ఇచ్చింది, జవాబు మాత్రం టైమౌట్ లోపల రాలేదు. చిన్నా పెద్దా అక్షరాలకి అర్థాలు వేరు, కాబట్టి గ్రెప్‌లో మైనస్ ఐ వాడకండి.

వంతులు కుదిరాయా అని చూడటానికి ఆక్‌తో తొమ్మిదో కాలమ్ తీసి, సార్ట్, యూనిక్ మైనస్ సీకి పంపండి. టికెట్స్/యాప్1, యాప్2, యాప్3 పక్కన లెక్కలు వస్తాయి. డెబియన్ 12లో తేదీ ఒకే ముక్కగా ఐఎస్ఓ పద్ధతిలో పడుతుంది, అక్కడ ఏడో కాలమ్ తీయాలి.

ఆ లెక్కలో ఒక సర్వర్‌కి ఉండాల్సినదానికి మూడు రెట్లు కనిపించిందంటే, బ్యాలెన్స్ లీస్ట్‌కాన్ అయ్యుంటుంది, ఆ సర్వర్ 500లు ఇస్తుంటుంది. ఎర్రర్ మూడు మిల్లీసెకన్లలో ఇచ్చేస్తుంది కాబట్టి దాని దగ్గర కనెక్షన్లు ఎప్పుడూ తక్కువే. తక్కువున్నవాడికే కొత్తవి పంపుతారు కదా, పాడైన సర్వరే అందరినీ పీల్చేసుకుంటుంది. వెయిట్ సగం చేసినా పెద్దగా ఆగదు. హెల్త్ చెక్ పోర్టు తెరిచుందా అని మాత్రమే అడిగితే అదీ పట్టుకోలేదు. ఆప్షన్ హెచ్‌టీటీపీసీహెచ్‌కేతో, డేటాబేస్‌ని కూడా తాకే ఒక యూఆర్ఎల్‌ని అడిగించాలి.

ఇంజిన్‌ఎక్స్

అప్‌స్ట్రీమ్ బ్లాక్‌లో (వెనక సర్వర్ల జాబితాలో) సర్వర్ పక్కన వెయిట్=40 అని రాస్తే అయిపోయింది. సున్నా ఒప్పుకోదు, ఆపాలంటే డౌన్ అని రాయాలి. పంచే తీరు ముచ్చటగా ఉంటుంది: 5, 1, 1 వెయిట్‌లకి ఐదు వరసగా ఒకరికే కుమ్మరించకుండా ఏ, ఏ, బీ, ఏ, సీ, ఏ, ఏ అని కలిపి పంచుతుంది.

వెయిట్ మార్చాలంటే ఫైల్ దిద్దడం, ఇంజిన్‌ఎక్స్ మైనస్ టీ, ఆ తర్వాత మైనస్ ఎస్ రీలోడ్. రోజుకోసారి అయితే ఇబ్బంది లేదు. పది నిమిషాలకోసారి అంకె మారుస్తూ చూడాల్సిన రాత్రి మాత్రం పాత వర్కర్లు (రిక్వెస్టులు నడిపే ప్రాసెస్‌లు) పేరుకుపోతాయి. బస్సు ఎక్కడుందో చూపించే వెబ్‌సాకెట్ కనెక్షన్లు తెరిచుంటే అవి మూసుకునేదాకా పాత వర్కర్ పోదు, అది పాత వెయిట్‌లతోనే ఉంటుంది. వర్కర్_షట్‌డౌన్_టైమౌట్ పెట్టుకోండి.

"వెయిట్ పెట్టాను, వంతులు రావట్లేదు" అన్న ఫిర్యాదుకి మామూలుగా కారణం జోన్ లైను (వర్కర్లందరికీ ఉమ్మడి మెమరీ ఇచ్చేది) లేకపోవడం. అది లేకపోతే ప్రతి వర్కర్ తన లెక్క తనే పెట్టుకుంటుంది. ఎనిమిది వర్కర్లుంటే ఎనిమిది వేర్వేరు లెక్కలు, ప్రతి ఒక్కటీ మొదటి రిక్వెస్ట్‌ని ఎక్కువ వెయిట్ ఉన్నవాడికే ఇస్తుంది. ట్రాఫిక్ తక్కువగా ఉండి రీలోడ్‌లు ఎక్కువైతే ఆ సర్వర్ మీదే పడుతుంటాయి. అప్‌స్ట్రీమ్ లోపల జోన్ టికెట్స్ 64కే అని రాస్తే అందరికీ ఒకటే లెక్క.

లాగ్ నేరుగా ఫైల్‌లో పడుతుంది, ఆ సుఖం హెచ్‌ఏప్రాక్సీలో లేదు. కానీ డిఫాల్ట్‌గా వచ్చే కంబైన్డ్ ఫార్మాట్‌లో ఏ సర్వర్ జవాబిచ్చిందో ఉండనే ఉండదు. వెయిట్ పనిచేస్తోందా అని ఆ లాగ్‌ని అడగడం దండగ. లాగ్_ఫార్మాట్‌లో అప్‌స్ట్రీమ్_యాడర్, అప్‌స్ట్రీమ్_స్టేటస్, అప్‌స్ట్రీమ్_రెస్పాన్స్_టైమ్, రిక్వెస్ట్_టైమ్ నాలుగూ చేర్చండి. అప్పుడు ఒక లైనులో రెండు అడ్రస్‌లు కామాతో, స్టేటస్ 502, 200 అని కనిపిస్తే మొదటి సర్వర్ విఫలమై రెండోది ఆదుకుందని అర్థం. యూజర్‌కి 200 వెళ్లింది కాబట్టి ఎవరూ ఫిర్యాదు చేయరు, పాడైన సర్వర్ మాత్రం అలాగే ఉంటుంది. పోస్ట్ రిక్వెస్ట్ ఒకసారి సర్వర్‌కి వెళ్లిందంటే ఇలా రెండోసారి పంపదు, 1.9.13 నుంచి అదే డిఫాల్ట్. ఒకే సీటుకి రెండుసార్లు డబ్బు తెగకూడదనుకుంటే దాన్ని మార్చకండి.

పాడైన సర్వర్‌ని పక్కన పెట్టే పద్ధతి కూడా తెలుసుకుని ఉండాలి. ఒక్క వైఫల్యానికే పది సెకన్లు పక్కన పెట్టడం డిఫాల్ట్: మాక్స్_ఫెయిల్స్ 1, ఫెయిల్_టైమౌట్ 10ఎస్. రద్దీలో ఒక్క టైమౌట్‌కే మంచి సర్వర్ బయటికి పోయి, దాని వంతు మిగతావాళ్ల మీద పడుతుంది. 3 చేసుకోండి.

ఐపీవీఎస్

ఇది లినక్స్ కెర్నెల్లోనే పనిచేస్తుంది, చాలా వేగం. వెయిట్ 0 నుంచి 65535. ఐపీవీఎస్ అడ్మిన్ మైనస్ ఈ, మైనస్ టీ తర్వాత వర్చువల్ ఐపీ, మైనస్ ఆర్ తర్వాత అసలు సర్వర్, మైనస్ డబ్ల్యూ 20. రీలోడ్ ఊసే లేదు.

కానీ ఒక గొయ్యి ఉంది. మొదట నాట్ పద్ధతిలో (ప్యాకెట్ల అడ్రస్ మార్చి పంపే తీరులో), అంటే మైనస్ ఎమ్‌తో కట్టిన సర్వర్‌కి వెయిట్ మార్చేటప్పుడు మళ్లీ మైనస్ ఎమ్ ఇవ్వకపోతే అది చప్పుడు లేకుండా డైరెక్ట్ రూటింగ్‌లోకి (అడ్రస్ మార్చకుండా పంపే తీరులోకి) మారిపోతుంది. వెయిట్ మారుతుంది, ట్రాఫిక్ ఆగుతుంది. మైనస్ ఎల్ఎన్ కొట్టి ఫార్వర్డ్ కాలమ్‌లో మాస్క్ అని ఉందో రూట్ అని ఉందో చూడండి.

లాగ్ సంగతికొస్తే రిక్వెస్ట్ లాగ్ లేదు. యూఆర్ఎల్ అంటే ఏమిటో దానికి తెలియదు. మైనస్ మైనస్ స్టాట్స్, మైనస్ మైనస్ రేట్‌లతో సర్వర్‌వారీ కనెక్షన్లు, ప్యాకెట్లు, బైట్లు కనిపిస్తాయి, అంతే. ఎవరి టికెట్ ఎక్కడ ఆగిందో ప్రతి యాప్ సర్వర్ లాగ్‌లో విడివిడిగా వెతుక్కోవాలి. మూడు సర్వర్ల టీమ్‌కి ఇది వద్దనే మా మాట.

ఏఎల్‌బీ

ఇక్కడ వెయిట్ సర్వర్‌కి కాదు, టార్గెట్ గ్రూప్‌కి (సర్వర్ల గుంపుకి). ఒక రూల్‌లో ఐదు గ్రూపుల దాకా, ఒక్కోదానికి 0 నుంచి 999. గ్రూప్ లోపల పెద్ద మెషీన్‌కి ఎక్కువ ఇమ్మని చెప్పే దారి లేదు. వెయిటెడ్ రాండమ్ అన్న అల్గారిథమ్ పేరు చూసి మోసపోకండి, అందులో వెయిట్ మన చేతిలో లేదు. అందుకే ఇది కొత్త వెర్షన్‌ని ఐదు శాతం మందికి రుచి చూపించడానికి చక్కటిది, 4 కోర్లు 8 కోర్లు కలగలిపి నడపడానికి కాదు.

కమాండ్ ఏడబ్ల్యూఎస్ ఈఎల్‌బీవీ2 మాడిఫై-రూల్. ఇది పాత యాక్షన్‌లకి కలపదు, వాటి స్థానంలో కొత్తవి పెడుతుంది. రెండు గ్రూపులూ ఇవ్వకపోతే ఇవ్వనిది పోతుంది. ఒక గ్రూప్ మొత్తం పడిపోతే దాని వంతు రెండోదానికి వెళ్తుందని ఆశించకండి, వెళ్లదు.

యాక్సెస్ లాగ్ డిఫాల్ట్‌గా ఆపేసి ఉంటుంది. మాడిఫై-లోడ్-బ్యాలెన్సర్-యాట్రిబ్యూట్స్‌తో ఎస్3 (ఏడబ్ల్యూఎస్ స్టోరేజ్) బకెట్‌కి తిప్పాలి. బకెట్‌కి ఎన్‌క్రిప్షన్ ఎస్ఎస్ఈ-ఎస్3 మాత్రమే ఒప్పుకుంటుంది, కేఎమ్ఎస్ కీ పెట్టిన బకెట్ ఇస్తే యాక్సెస్ డినైడ్ వస్తుంది. లాగ్ ఐదు నిమిషాలకోసారి పడుతుంది. రాత్రి పదింటికి వెయిట్ మార్చి పది దాటి ఒక నిమిషానికి ఫలితం చూడాలనుకునేవాళ్లకి ఆ ఐదు నిమిషాలు చాలా పొడుగు. ప్రతి రిక్వెస్టూ లాగ్‌లో ఉంటుందన్న హామీ కూడా ఇవ్వరు.

దాచుకోవడం

ఏది తీసుకున్నా ఇది తప్పదు. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సిస్టమ్ లాగ్‌లు 180 రోజులు ఉంచాలి. డెబియన్, ఉబుంటులలో పాత లాగ్‌లు తీసేసే లాగ్‌రొటేట్ డిఫాల్ట్ హెచ్‌ఏప్రాక్సీకి 7 రోజులు, ఇంజిన్‌ఎక్స్‌కి 14. ఆ అంకె మార్చకుండా వదిలేసిన సర్వర్లు ఎన్నో.

చోటు లెక్క: రోజంతా సగటున సెకనుకి 100 రిక్వెస్టులు, లైనుకి 300 బైట్లు అనుకుంటే రోజుకి 2.6 జీబీ, 180 రోజులకి సుమారు 466 జీబీ. జీజిప్ చేస్తే బాగా తగ్గుతుంది, ఎంతో మీ ఒకరోజు ఫైల్ మీద చూసుకోండి. చోటు మిగల్చడానికి ఆప్షన్ డోంట్‌లాగ్-నార్మల్ పెట్టేవాళ్లున్నారు. అది విజయవంతమైన రిక్వెస్టులను రాయదు, దాంతో వంతుల లెక్క పోతుంది. వద్దు.

జర్నల్‌డీ (సిస్టమ్‌డీతో వచ్చే లాగ్ సర్వీస్) గుండా లాగ్ వెళ్తుంటే ఇంకో సంగతి. డిఫాల్ట్‌గా ఒక సర్వీస్ నుంచి 30 సెకన్లకి 10,000 మెసేజ్‌లే పరిమితి, డిస్కులో ఖాళీని బట్టి అది కొంత పెరుగుతుంది. సెకనుకి 400 అంటే 30 సెకన్లకి 12,000. జర్నల్‌సీటీఎల్ ఔట్‌పుట్‌లో సప్రెస్డ్ అన్న మాట వెతకండి. కనిపిస్తే, రద్దీ ఎక్కువున్న నిమిషాల లాగే మీ దగ్గర లేదు.

గడియారాలు కూడా. సెర్ట్-ఇన్ అవే ఆదేశాలు, ప్రభుత్వ సంస్థలైన ఎన్ఐసీ, ఎన్‌పీఎల్‌ల ఎన్‌టీపీ (సమయం చెప్పే) సర్వర్లతోగానీ వాటికి అనుసంధానమైన వాటితోగానీ సమయం కలుపుకోవాలంటాయి. బ్యాలెన్సర్‌లో 22:04:11 అని ఉన్న రిక్వెస్ట్ యాప్3 లాగ్‌లో 22:04:19 దగ్గర ఉంటే ఆ రెండింటినీ జతచేయలేరు. నాలుగు మెషీన్లలోనూ క్రోనీసీ ట్రాకింగ్ కొట్టి, సిస్టమ్ టైమ్ లైనులో తేడా సెకనులో చిన్న భిన్నమే ఉందో లేదో పండగ రద్దీకి ముందే చూసి పెట్టుకోండి.